లడ్డూ లిఫ్ట్ దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడు?

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి కలిసి ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక చిన్న పెట్ థెరపీ ట్రస్టులో పనిచేస్తున్నాం. మా ఇళ్లలో పెంచుకునే కుక్కల్నే వృద్ధాశ్రమాలకి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడికి తీసుకెళ్తాం. ఎవరికీ జీతాల్లేవు. ట్రస్టు మొదలుపెట్టిన మేడమ్ నిరుడు అమెరికాలో కూతురి దగ్గరకి వెళ్లిపోయారు. కొత్త ట్రస్టీ వచ్చీ రాగానే అన్నీ మార్చేస్తున్నారు. ప్రతి విజిట్‌కీ ఫారం, ఆరు నెలలకోసారి కుక్కలకి టెస్టు, పచ్చి మాంసం తినే కుక్కలు రాకూడదని రూలు. డబ్బుల కోసం ఐటీ కంపెనీల్లో 'పెట్ డే' ఈవెంట్లు ఒప్పుకుంటున్నారు. ఇంకోపక్క వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఆర్డరు వచ్చిన దగ్గర్నుంచీ బడివాళ్లు కుక్కలు వద్దంటున్నారు. అక్కడ ఒక తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు, ఎవరితోనూ మాట్లాడడు, మా లడ్డూని దువ్వెనతో దువ్వుతూ మాత్రం అంకెలు లెక్కపెడతాడు. ఆ బాబుని చూసి నాలుగు నెలలైంది. నేనేమన్నా అంటే 'కాస్త ఫ్లెక్సిబుల్‌గా ఉండవే' అంటున్నారు తోటివాళ్లు. ఎంతవరకు సర్దుకుపోవాలి? మానేయమంటారా? అన్నట్టు లడ్డూ లాబ్రడార్, వాడికీ తొమ్మిదేళ్లు. ఈ మధ్య ఆఫీసు బిల్డింగుల్లో లిఫ్ట్ దగ్గరికి రాగానే ఆగిపోతున్నాడు, బతిమాలితే ఎక్కుతున్నాడు.
– ఒక వాలంటీర్, సైనిక్‌పురి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ట్రస్టీ గురించి, ఫారాల గురించి, ఈవెంట్ల గురించి అంత రాసి, లడ్డూ గురించి మాత్రం చివర్లో 'అన్నట్టు' అని రెండు ముక్కలు రాశారు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ నెలరోజులు ఆగినా కొంపలేం మునిగిపోవు, ఇది ఆగదు.

తొమ్మిదేళ్ల లాబ్రడార్ అంటే పెద్దవాడు. ఆ జాతి కుక్కలు బతికేదే సుమారుగా పది పన్నెండేళ్లు, వాటికి తుంటి కీళ్ల జబ్బు మామూలు. ఆఫీసుల్లో నేలంతా నున్నటి టైల్స్, గ్రానైట్. లిఫ్ట్‌లో కాళ్ల కింద ఆ చిన్న కుదుపు. నడుములో నొప్పి ఉన్న కుక్కకి అక్కడ నిలబడటమే కష్టం. లేదా నొప్పి ఏమీ లేదు, ఆ లిఫ్ట్ తర్వాత ఏముందో వాడికి తెలిసిపోయింది, అది వాడికి నచ్చలేదు. రెండింటిలో ఏదైనా సరే వాడు మీకొక మాట చెబుతున్నాడు, మీరు బతిమాలి ఎక్కిస్తున్నారు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు ఇదంతా చెబుతున్నది. నేనూ అదే చేశాను. మా కుక్క బంగారిని తొమ్మిదేళ్లపాటు ఒక వృద్ధాశ్రమానికి తిప్పాను. చివరి ఏడాది ఒకరోజు, హాల్లో వరసగా మంచాలు, మూడు మంచాల దాకా బాగానే వచ్చింది. నాలుగో మంచం దగ్గర గోడ వైపు మొహం తిప్పుకుని పడుకుండిపోయింది. ఏసీ గది, చల్లగా ఉంది, అయినా నాలుక బయటపెట్టి రొప్పుతోంది, రెండుసార్లు ఆవలించింది. అలిసిపోయింది పాపం అనుకుని కాసిని నీళ్లు పట్టి, 'ఒక్కటి, ఒక్క మంచం, అయిపోతుంది' అని లేపి తీసుకెళ్లాను, అక్కడి తాతగారు పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నారని ఆయమ్మ చెప్పింది మరి. ఆ రాత్రి ఇంట్లో దాని నడుము మీద చెయ్యి వేస్తే కుయ్యిమంది. ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లూ అరిగిపోయి ఉన్నాయి. ఎన్నాళ్లుగా ఓర్చుకుందో నాకు తెలియదు. ఆ ఆవలింత నిద్ర వచ్చి కాదని నాకు ముందే తెలుసు, కొత్తగా వచ్చేవాళ్లకి నేనే నేర్పేదాన్ని: ఊరికే మూతి నాక్కోవడం, మొహం పక్కకి తిప్పడం, కంట్లో తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, తోక కాళ్ల మధ్యకి వెళ్లడం, ఇవన్నీ కుక్క 'చాలు' అనే మాటలని. తెలిసీ లేపాను.

కాబట్టి రేపో ఎల్లుండో లడ్డూని వెటర్నరీ డాక్టరుకి చూపించండి. 'చెకప్ చేయండి' అని ఊరుకోకుండా, లిఫ్ట్ దగ్గర ఆగుతున్నాడు, తుంటి, మోకాళ్లు, కళ్లు చూడండని అడగండి. అప్పటిదాకా ఏ విజిటూ వద్దు. ఎవరేమన్నా సరే. మీ తోటివాళ్లు ఫ్లెక్సిబుల్‌గా ఉండమంటే ఉండండి, కానీ సర్దుకుపోవాల్సింది మీరు, లడ్డూ కాదు. నేను మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక మార్పుల సంగతి. మేడమ్ ఉంటే ఇలా జరిగేది కాదని మీ గుంపులో ఎవరో ఒకరు రోజూ అంటూ ఉంటారు, మీరు రాయకపోయినా నాకు తెలుసు. ఆవిడ మీద మీకున్న గౌరవం గొప్పదే. కానీ ఈ పని పుట్టిందే అనుకున్నది అనుకున్నట్టు జరగని రోజున. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అని పిల్లల సైకాలజిస్టు ఉండేవాడు. ఒకరోజు ఎవరితోనూ కలవని ఒక పిల్లాణ్ణి తల్లిదండ్రులు చెప్పిన టైముకన్నా ముందే తీసుకొచ్చేశారు. గదిలో ఆయన పెంపుడు కుక్క జింగిల్స్ ఉంది, దాన్ని బయటికి పంపే టైము దొరకలేదు. అది పరుగెత్తుకెళ్లి పిల్లాణ్ణి నాకింది, వాడు దాన్ని దగ్గరకి తీసుకున్నాడు. ఆయన దాన్ని తరిమేయకుండా ఊరుకుని చూశాడు, ఆ ఊరుకోవడంలోనే ఉంది అంతా. 1961లో తోటి సైకాలజిస్టుల సభలో చెబితే కొందరు నవ్వారు కూడా. 1962లో ఆయన దాన్ని వ్యాసంగా రాశాడు, ఈ రంగానికి పునాది అదేనంటారు ఇప్పుడు. పద్ధతి ప్రకారమే నడవాలని ఆయన పట్టుబట్టి ఉంటే ఆ రోజు జింగిల్స్ వరండాలో ఉండేది.

ఆరు నెలల టెస్టూ, పచ్చి మాంసం రూలూ మీ ట్రస్టీ గారి బుర్రలో పుట్టినవి కావు. అమెరికాలో పెట్ పార్ట్‌నర్స్ అని పెద్ద సంస్థ ఉంది, 1977లో మొదలైంది, ఒకప్పుడు డెల్టా సొసైటీ అనేవాళ్లు, 2012లో పేరు కూడా మార్చుకున్నారు. వాళ్లు పచ్చి మాంసం తినే జంతువుల్ని 2010 నుంచీ రానివ్వట్లేదు. కారణం సింపుల్. పచ్చి కోడిమాంసం తిన్న కుక్క చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది గానీ నోట్లోనూ మలంలోనూ సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు. మనకైతే రెండ్రోజుల విరేచనాలు, కీమోథెరపీ చేయించుకుంటున్న మనిషికో ఎనభై ఏళ్ల ముసలావిడకో ప్రాణం మీదికి వస్తుంది. మీలో ఎవరైనా కుక్కకి పచ్చిది పెడుతుంటే వాళ్లకి కోపం వచ్చే ఉంటుంది. ఉడకబెట్టి పెట్టమనండి, అంతే కదా. ఆరు నెలలకి కాదు గానీ, రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెట్టడం ఆ సంస్థలోనూ ఉన్నదే. ఒక రోజులో రెండు గంటలకి మించి ఏ జంతువునీ పనిచేయించకూడదనీ వాళ్ల రూలు. మీ ట్రస్టీ టెస్టు తెచ్చారు కదా, ఈ రెండు గంటల రూలు కూడా తెమ్మనండి. నన్నడిగితే మన ఎండలకి, మన ట్రాఫిక్‌కి రెండు గంటలు కూడా ఎక్కువే, కారులో గంటన్నర కూర్చుని వచ్చిన కుక్కకి ముప్పావు గంట చాలు. ఏప్రిల్, మే నెలల్లో అయితే పొద్దున ఏడింటికో సాయంత్రం ఆరు దాటాకో తప్ప వద్దు, తారురోడ్డు మీద మన చెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతే వాడి పాదం మాత్రం ఎలా ఆనుతుంది.

ఫారాలు నింపడం విసుగే, కాదనను. కానీ మీ ఫారంలో 'ఎంతమందిని కలిశారు' అనే గడి ఒక్కటే ఉంటే అది లెక్కల పుస్తకం. దాని పక్కన 'కుక్క ఎలా ఉంది, ఎప్పుడు ఆపేశాం, ఎందుకు ఆపేశాం' అనే గడి కూడా ఉంటే, లడ్డూ లిఫ్ట్ దగ్గర ఆగడం మొదటిసారే కాగితం మీదకి ఎక్కేది, ఇన్ని వారాలు పట్టేది కాదు. ఆ గడి మీరే వేయించండి.

ఐటీ కంపెనీల ఈవెంట్లు. దీని మీద మీకెంత చిరాకు ఉందో నాకూ అంతే ఉంది, అయినా వద్దని చెప్పను. పెట్రోలు, టీకాలు, స్నానాలు, ఆడిటర్ ఫీజు, ఇవన్నీ ఎనిమిది మంది జేబుల్లోంచి ఆరేళ్లు వచ్చాయంటే గొప్ప విషయమే, కానీ ఎన్నాళ్లు? డబ్బు రావాలి. కాకపోతే దాన్ని పెట్ థెరపీ అని పిలవకండి, అక్కడే గొడవంతా మొదలవుతుంది. థెరపీ అంటే ఫిజియోథెరపిస్టో, స్పీచ్ థెరపిస్టో ఒక పిల్లాడికి ఫలానా పని రావాలని ముందే అనుకుని, ఆ పని కుక్క సాయంతో చేయించి, వారం వారం రాసుకోవడం. వృద్ధాశ్రమానికి వెళ్లి కాసేపు కూర్చుని రావడం థెరపీ కాదు, పలకరింపు, అదీ గొప్పదే. ఆఫీసులో నూట యాభై మంది వరసలో నిలబడి సెల్ఫీలు దిగడం ఈ రెండూ కాదు. అది వినోదం. వినోదానికి వెళ్లే కుక్కలు వేరే ఉండాలి, కుర్రవి, జనాన్ని చూస్తే తోక ఊపుకుంటూ ఎదురెళ్లేవి. లడ్డూ వయసు వాడిని అక్కడికి తీసుకెళ్లడం, ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టే ఉంటుంది.

ఒప్పుకున్న చోట కూడా షరతులు ముందే రాసి పంపండి. డీజే ఉండకూడదు. ఒకసారికి నలుగురే. ఇరవై నిమిషాలకోసారి విరామం, కుక్కకి ఎవరూ రాని గది ఒకటి, నీళ్లు, కింద పరుచుకోవడానికి మనమే తెచ్చుకున్న చాప. కేకు ముక్కలు, చాక్లెట్లు ఎవరూ పెట్టకూడదు, చాక్లెట్ కుక్కకి విషం. పట్టుచీర అరువిచ్చి పీట పట్టుకుని వెంట తిరిగినట్టు అని వెక్కిరిస్తారు గానీ, ఈ పనిలో కుక్క వెంట అలాగే తిరగాలి. షరతులు చూసి వెనక్కి తగ్గిన కంపెనీ దగ్గరకి వెళ్లకపోవడమే మంచిది.

ఇంకో సంగతి, ట్రస్టీ గారికి ఇది పనికొస్తుంది. లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సమాజసేవకి ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది, సీఎస్‌ఆర్ అనేది అదే. కానీ తమ సొంత ఉద్యోగులకి మాత్రమే లాభం కలిగించే కార్యక్రమాన్ని సీఎస్‌ఆర్ కింద చూపించుకోవడానికి ఆ రూల్సు ఒప్పుకోవు. అంటే 'పెట్ డే' ఖర్చు వాళ్ల హెచ్‌ఆర్ బడ్జెట్‌లోంచే రావాలి. బడి విజిట్లకి, వృద్ధాశ్రమాలకి అయ్యే ఖర్చు మాత్రం సీఎస్‌ఆర్ కింద అడగొచ్చు. దానికి మీ ట్రస్టుకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారం కూడా వేసి ఉండాలి. ఈవెంటుకి పిలిచిన హెచ్‌ఆర్ అమ్మాయినే పట్టుకుని, మీ సీఎస్‌ఆర్ చూసేవాళ్లు ఎవరమ్మా అని అడగండి. నాలుగు ఈవెంట్లు చేసే బదులు ఆ ఒక్క తలుపు తెరుచుకుంటే ఏడాది గడుస్తుంది.

బడి గురించి రాస్తుంటే నాకే మనసు బరువుగా ఉంది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది వీధికుక్కల గురించి. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వాటిని తీసేసి షెల్టర్లకి పంపమని, మళ్లీ అక్కడే వదలొద్దని. లీష్ వేసి, టీకాలు వేయించి, యజమాని పక్కనుండి తీసుకొచ్చే పెంపుడు కుక్కని లోపలికి రానివ్వొద్దని అందులో లేదు. ఇది మీకు తెలిసే ఉంటుంది, ప్రిన్సిపాల్‌కి చెప్పే ఉంటారు కూడా. ఆమె ఒప్పుకోలేదంటే ఆర్డరు చదవక కాదు. ఏ పిల్లాడికైనా చిన్న గీరుడు పడినా రేపు సమాధానం చెప్పాల్సింది ఆమె. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపేశాయి, ఆ వీడియో చూడని తల్లి ఈ ఊళ్లో ఉందా? ఆ భయం మీద వాదన గెలవలేం, గెలవాలని చూడకూడదు కూడా. మా పక్కింటి కోడలు ఇప్పటికీ మెట్ల మీద మా కుక్క కనిపిస్తే పిల్లని చంకనెత్తుకుంటుంది, నేను కుక్కని లోపలికి పిలుస్తాను, ఇద్దరం నవ్వుకుని వెళ్లిపోతాం, నాలుగేళ్లుగా అదే.

కాబట్టి బడితో ఇప్పుడు చేయాల్సింది దగ్గరగా ఉండటం, తోసుకుంటూ లోపలికి పోవడం కాదు. ప్రతి కుక్కకీ ఒక ఫైలు పెట్టండి: ఏటేటా వేయించిన రేబిస్ టీకా కార్డు, మున్సిపల్ లైసెన్సు, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ కాగితం, టెస్టు ఫలితం. చూశారా, మీకు చిరాకు తెప్పించిన ఆ ఆరు నెలల టెస్టే ఇక్కడ మీ చేతిలో ఉండే బలమైన కాగితం. తల్లిదండ్రుల దగ్గర ఒక్కొక్కరి సంతకం విడిగా తీసుకోండి, ఒక్కరు వద్దన్నా ఆ పిల్లని వేరే గదిలో ఆడించే ఏర్పాటు చూడండి. ఈలోగా కుక్క లేకుండానే మీరు వెళ్లండి. దువ్వెన, బంతి, లీష్ పట్టుకెళ్లండి, లడ్డూ స్నానం చేస్తున్న వీడియో చూపించండి.

కుక్క లేకుండా ఏం లాభం అంటారేమో. 2020లో వృద్ధాశ్రమాల గేట్లన్నీ మూసేసినప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన తాతగారు ఒకాయన, బంగారిని పిలవాలంటే కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టేవాడు, హారన్ కొట్టినట్టు. సెప్టెంబరులో అనుకుంటా, వార్డెన్‌ని బతిమాలితే, గేటు అవతల రోడ్డు మీద నిలబడితే నిలబడండి అన్నారు. ఆయన్ని చక్రాల కుర్చీలో వరండాలోకి తెచ్చారు. మధ్యలో గేటు, తులసికోట, ఓ ఇరవై అడుగులు. ఆయన రెండుసార్లు తట్టాడు. అది చెవులు నిక్కబొడిచి, గేటు ఊచల దగ్గర ముందుకాళ్లు చాపి పడుకుంది. తాకడాల్లేవు, మాటల్లేవు. పావుగంట. ఆ తర్వాత ఐదు నెలలపాటు ప్రతి శనివారం అలాగే వెళ్లాం.

అదే ఆశ్రమంలో మడి కట్టుకునే మామ్మగారు ఒకావిడ ఉండేది. కుక్కని ముట్టుకోదు, మంచం దరిదాపులకి రానివ్వదు. మేం మొదట్లో ఆవిడ గది వదిలేసి వెళ్లిపోయేవాళ్లం. ఒకరోజు ఆవిడే కేకేసింది, 'దాన్ని గడప అవతల కూర్చోబెట్టు, మాట్లాడతాను' అని. కుక్క గడప అవతల, ఆవిడ గడప ఇవతల, వాళ్ల ఊరి ఆవుల సంగతులన్నీ దానికే చెప్పేది. మన విజిట్ పద్ధతి ఆవిడకి తగ్గట్టు మార్చుకున్నాం, ఆవిడ మడికీ ఏం కాలేదు, కుక్కకీ ఏం కాలేదు. మీ వాళ్లు ఫ్లెక్సిబుల్ అంటున్నారే, అది ఇలాంటి చోట అందంగా ఉంటుంది.

మానేయమంటారా అని అడిగారు. వద్దు. అలిగి అసలే మానకండి. ట్రస్టీతో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు మాత్రం ఎనిమిది ఫిర్యాదులు పట్టుకెళ్లకండి, ఎనిమిది విన్న మనిషికి ఒక్కటీ గుర్తుండదు. ఒకే ఒక్క కాగితం తీసుకెళ్లండి. అందులో ఇంతే రాయండి: 'ఏ విజిటైనా, ఏ ఈవెంటైనా, కుక్క వద్దంటోందని దాని యజమానికి అనిపిస్తే అక్కడికక్కడే ఆపేయొచ్చు. కారణం అడగకూడదు. కంపెనీ డబ్బు కట్టినా సరే.' దాని మీద ఆయనతో, మిగతా ఏడుగురితో సంతకం పెట్టించండి. దీనికి ఒప్పుకుంటే ఫారాలు, టెస్టులు, కొత్త బోర్డు, కొత్త పేరు, అన్నిటికీ మీరు తల ఊపేయండి, మనస్ఫూర్తిగా ఊపండి, ఆయన కూడా ట్రస్టు నిలబడాలనే కష్టపడుతున్నారు. ఒప్పుకోకపోతే అప్పుడు నాకు మళ్లీ రాయండి, మానేసే మాట అప్పుడు మాట్లాడుకుందాం.

లడ్డూకి డాక్టరు ఏం చెబుతారో చూడాలి. రిటైర్ చేయమంటే ఒక్కసారిగా ఇంట్లో కట్టేయకండి. ఆరేళ్లుగా విజిట్‌కి ముందు స్కార్ఫ్ కట్టగానే తోక ఊపుతూ తయారైన వాడు, ఊరికే మానిపిస్తే తలుపు దగ్గరే కూర్చుంటాడు, బంగారి నెల్లాళ్లు కూర్చుంది. వారానికోసారి స్కార్ఫ్ కట్టండి, మెట్లూ లిఫ్టూ లేని చోట, వాడికి బాగా తెలిసిన ఒక్క మనిషిని కలిపించండి, పది నిమిషాలు చాలు.

ఆ ఒక్క మనిషి ఎవరో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. ప్రిన్సిపాల్ ద్వారా ఆ బాబు వాళ్లమ్మకి కబురు పెట్టండి. ఆదివారం పొద్దున, ఎండెక్కకముందే, మీ ఇంటి దగ్గర్లో చెట్టు నీడ ఉన్న చోటికి బాబుని తీసుకురాగలరా అని అడగండి, బడికి సంబంధం లేకుండా, ఆవిడ పక్కనే ఉండేట్టు. డాక్టరు సరేనంటేనే సుమా. లడ్డూ కదలక్కర్లేదు, చాప మీద పడుకుంటాడు. దువ్వెన మీ దగ్గరే ఉంది కదా, పట్టుకెళ్లండి. ఎంతవరకు లెక్కపెట్టాడో నాకు రాయండి.